గుండెల్లో మంట – మన సర్వీసు అలవాట్లు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను 26 ఏళ్ళు ఆర్మీ మెడికల్ కోర్‌లో డాక్టరుగా పనిచేశాను. ఎం.ఐ. రూమ్‌లో రోజూ విన్న మాట "సాబ్, గ్యాస్ హై". మన తెలుగువాళ్ళయితే "గుండెల్లో మంటండీ" అంటారు. నిజానికి ఆ మంట గుండెది కాదు, గ్యాసుదీ కాదు. అన్నవాహిక అడుగున ఒక కండరం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, వెంటనే మూసుకోవాలి. అది వదులైతే కడుపులోని ఆమ్లం పైకి తంతుంది.

ఎందుకు వదులవుతుందంటే, మన దినచర్య చూసుకుంటే చాలు. రాత్రి డ్యూటీ దిగి పదకొండింటికి నూనె ఓడే పూరీలు తిని, అటునుంచి అటే మంచం మీద వాలిపోవడం. సిగరెట్టు. రమ్ము. సర్వీసులో ఉండగా వయసుంది, తెల్లారితే పి.టి. ఉంది, కాబట్టి చాలామందికి తెలియలేదు. పెన్షన్ వచ్చాకే అసలు చిక్కు. పి.టి. ఆగింది, లంగర్‌లో అలవాటైన తిండి మాత్రం ఆగలేదు. పెరిగిన పొట్ట లోపల కడుపుని పైకి నొక్కుతుంది. ఆపైన మనం పాత కొలత బెల్టే బిగిస్తాం, ఒళ్ళు పెరగలేదని చూపించుకోడానికి!

కొందరికి కడుపు పైభాగం ఛాతీలోకి జారుతుంది, దాన్ని హయాటస్ హెర్నియా అంటారు. బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మందులతో కొందరికి మంట ఎక్కువవచ్చు. మోకాళ్ళ నొప్పులకు వేసుకునే మాత్రలూ అంతే. అలాగని బి.పి. మాత్ర మీ అంతట మీరు ఆపెయ్యకండి, డాక్టరుతో చెప్పండి. ఆవకాయ సంగతా? అది అందరికీ ఒకేలా పడదు. పడనివాళ్ళు మానితే చాలు. అందర్నీ మానమంటే ఈ సభలో నా మాట ఎవరు వింటారు?

ఇంత చెప్పే నేను చేసిన పని వినండి. పన్నెండేళ్ళు నాకూ ఇదే మంట. జేబులో జెలూసిల్, నోట్లో సిగరెట్టు. పదిమందికి చెప్పిన ఎండోస్కోపీ నేను చేయించుకోలేదు. రిటైరైన రెండో ఏడు ఒక పొద్దున ఇడ్లీ ముక్క రొమ్ము ఎముక వెనకాల ఆగిపోయింది. నీళ్ళు తాగితే నీళ్ళూ దిగలేదు. ఏళ్ళ తరబడి ఆమ్లం తగిలి అన్నవాహిక అక్కడ సన్నబడిపోయింది. గొట్టం వేసి వెడల్పు చేశారు. క్యాన్సరేమోనని ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు వచ్చేదాకా మా ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. క్యాన్సర్ కాదని తేలింది.

మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, విరేచనం నల్లగా అయినా ఆగొద్దు. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా సోడా తాగి పడుకోకండి. గుండె పరీక్ష ముందు, గ్యాస్ సంగతి తర్వాత.

ఇప్పుడు నా భోజనం ఏడున్నరకే, పడక పదిన్నరకి. సిగరెట్టు లేదు, ఎనిమిది కిలోలు తగ్గాను. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాం, ఆరంగుళాల ఎత్తు. మొదటి వారం కిందికి జారిపోయేవాణ్ణి, మా ఆవిడ నవ్వేది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. భోజనాలు తొమ్మిదింటికట, కార్యదర్శి గారు గమనించాలి.