ఊపిరితిత్తులకు 4 డిగ్రీలా, 10 డిగ్రీలా?

అవయవదానం అనగానే టీవీలో మనం చూసేది గ్రీన్ ఛానల్, సైరన్‌తో పరుగెత్తే అంబులెన్స్, అందులో ఒక ఐస్ బాక్స్. ఆ బాక్స్ లోపల ఎంత చల్లగా ఉండాలి? ఈరోజు ఊపిరితిత్తుల విషయంలో ఈ ఒక్క ప్రశ్నే చూద్దాం.

శరీరం నుంచి తీసిన అవయవానికి రక్తం అందదు. కానీ కణాలు బతికే ఉంటాయి, వాటికి శక్తి కావాలి. చల్లబరిస్తే వాటి అవసరం తగ్గుతుంది. అందుకే దశాబ్దాలుగా ఊపిరితిత్తుల్ని ప్రత్యేక ద్రావణంతో శుభ్రం చేసి, సంచుల్లో పెట్టి, ఐస్‌లో సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంచుతున్నారు. సాధారణంగా 6 నుంచి 8 గంటల్లోపు అమర్చేయాలి. ఆ పరుగంతా అందుకే.

మరి ఎంత చల్లగా ఉంటే అంత మంచిదా? కాదండీ. అరటిపండు ఫ్రిజ్‌లో పెడితే నల్లబడుతుంది కదా, చలి కూడా కణాన్ని గాయపరుస్తుంది. మరీ చల్లబడితే సోడియంను బయటికి తోడే పంపులు మందగించి కణం ఉబ్బుతుంది. శక్తి తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటాయి.

ఊపిరితిత్తులకు ఇంకో ప్రత్యేకత ఉంది. వాటిని గాలి నింపే భద్రపరుస్తారు. కాబట్టి రక్తం లేకపోయినా కణాలకు ఆ గాలిలోని ఆక్సిజన్ అందుతుంది. 10 డిగ్రీల దగ్గర పని నెమ్మదిగా సాగుతుంది గానీ ఆగిపోదు.

ఈ సంగతి 1990ల మొదట్లోనే జంతువులపై ప్రయోగాల్లో కనిపించింది. కానీ ఐస్ ఎక్కడైనా దొరుకుతుంది. కచ్చితంగా 10 డిగ్రీలు నిలబెట్టాలంటే పరికరం కావాలి. అలా ఐసే అలవాటైపోయింది.

మళ్లీ దీన్ని పట్టుకున్నది కెనడాలోని టొరంటో జనరల్ హాస్పిటల్. 1983లో తొలి విజయవంతమైన ఊపిరితిత్తి మార్పిడి జరిగింది అక్కడే. మార్సెలో సైపెల్ బృందం పంది ఊపిరితిత్తుల్ని 36 గంటలు నిల్వ ఉంచి చూసింది. 4 డిగ్రీల కంటే 10 డిగ్రీల్లో ఉంచినవే బాగా పనిచేశాయి. 2021లో ఆ ఫలితాలతో పాటు అయిదుగురు రోగుల అనుభవాన్నీ ప్రచురించారు.

2023లో టొరంటో, వియన్నా, మాడ్రిడ్‌లలో 70 మంది రోగుల ఫలితాలు వచ్చాయి. రాత్రివేళ వచ్చిన ఊపిరితిత్తుల్ని కావాలనే 10 డిగ్రీల్లో తెల్లవారేదాకా ఉంచి, పగలు అమర్చారు. మామూలు పద్ధతిలో చేయించుకున్నవాళ్లతో పోలిస్తే ఫలితాలు తీసిపోలేదు. దీన్నిబట్టి 10 డిగ్రీలే గెలిచిందని చెప్పలేం. ఆగడం వల్ల నష్టం కనిపించలేదని మాత్రం చెప్పొచ్చు.

ఆరు డిగ్రీల తేడా వల్ల ఏమవుతుంది అంటారా? సర్జన్ అర్ధరాత్రి కాక, నిద్రపోయి లేచాక కత్తి పట్టుకోవచ్చు. దూరపు ఊళ్లో దాత ఉన్నా ఆ ఊపిరితిత్తులు వృథా కాకపోవచ్చు. రోగికి సరిపోతాయో లేదో పరీక్షించడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ లెక్క ఊపిరితిత్తులది. కిడ్నీకి, లివర్‌కి ఇదే వర్తిస్తుందని అనుకోకూడదు. ఇంకో మాట, ఏ బాక్స్ అయినా దాత కుటుంబం ఒప్పుకున్నాకే తెరుచుకుంటుంది. అవయవదానం గురించి మీ అభిప్రాయం ఏంటో ఇంట్లో వాళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచండి.

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.