ఇంజనాయిల్‌కి ఎంత చల్లదనం కావాలి?

నిస్సాన్ కంపెనీ 2009 మోడల్‌గా 370జెడ్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చింది. ఇద్దరే కూర్చునే కారు. 3.7 లీటర్ల వి6 పెట్రోల్ ఇంజన్, 332 హార్స్‌పవర్, నిమిషానికి 7500 చుట్ల దాకా తిరుగుతుంది. చాలా కార్లలో లేని ఒక మీటరు దీని డాష్‌బోర్డులో ఉండేది. ఇంజనాయిల్ ఎంత వేడిగా ఉందో చూపించే మీటరు. కారు గుట్టు ఆ మీటరే బయటపెట్టింది. ఎండాకాలంలో రేస్ ట్రాక్ మీద నాలుగైదు చుట్లు గట్టిగా తిప్పేసరికి ముల్లు 120 దాటి, 130 దాటి పైకి పోయేది. సుమారు 138 డిగ్రీల సెల్సియస్ దగ్గర కారులోని కంప్యూటర్ కలగజేసుకుని ఇంజన్ వేగాన్ని తగ్గించేసేది. ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఊపందుకునేది కాదు. ఇంతా జరుగుతుంటే రేడియేటర్‌లో నీళ్ల వేడి మాత్రం మామూలుగానే ఉండేది. ఇబ్బందల్లా నూనెది.

ఆ కార్లు కొన్నవాళ్లు బయటి దుకాణాల్లో దొరికే ఆయిల్ కూలర్లు తెచ్చి బిగించుకోవడం మొదలుపెట్టారు. తర్వాతి సంవత్సరాల్లో నిస్సానే కొన్ని రకాలకు ఫ్యాక్టరీలోనే కూలర్ పెట్టి అమ్మింది.

స్పోర్ట్స్ కారు గొడవ మనకెందుకు అంటారేమో. ఇంటి ముందు పల్సర్ 220 గానీ, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 గానీ ఉంటే ఒకసారి ఇంజన్ ముందుభాగం చూడండి. పల్చటి రేకులతో చిన్న రేడియేటర్‌లా ఉంటుంది, దాన్నుంచి రెండు గొట్టాలు ఇంజన్‌లోకి వెళ్తాయి. అదే ఆయిల్ కూలర్. ఇక డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయో అమ్మాయో ముచ్చటపడి పాత 370జెడ్ కొనుక్కుంటే, టెక్సస్ ఎండ మన రెంటచింతల ఎండకేమీ తీసిపోదు. సంగతి తెలిసి ఉండటం మంచిదే.

ఇంజన్‌లో నూనె చేసే పని జారుడు ఒక్కటే అనుకుంటాం. నిజానికి అది వేడిని మోసే కూలీ కూడా. రేడియేటర్ నీళ్లు సిలిండర్ గోడల చుట్టూ, హెడ్ లోపలా తిరుగుతాయి. క్రాంక్ షాఫ్ట్ బేరింగుల దగ్గరికి, పిస్టన్ అడుగుకి నీళ్లు వెళ్లవు, నూనే వెళ్తుంది. అక్కడి వేడి పట్టుకుని, కింద నూనె నిలిచే ఛాంబర్‌లోకి దిగుతుంది. అయితే బరువుకు బరువు చూస్తే నూనె మోయగలిగే వేడి నీళ్లు మోసేదాంట్లో సుమారు సగమే. మామూలు రోడ్డు మీద ఛాంబర్‌కి తగిలే గాలితోనే అది చల్లబడుతుంది. ట్రాక్ మీద ఇంజన్ 6000, 7000 చుట్ల దగ్గరే ఆగకుండా తిరుగుతున్నప్పుడు ఆ గాలి చాలదు.

వేడెక్కితే ఏమవుతుంది? బెల్లం పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు గరిటె నుంచి జారిపోతుంది, దించి ఆరబెడితే కదలనంటుంది. నూనెదీ అదే గుణం. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, చివరి 30 అనేది 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనానికి గుర్తు. అదే నూనె 130 డిగ్రీలకు చేరేసరికి ఆ చిక్కదనం సగానికి దగ్గరగా పడిపోతుంది. తిరిగే క్రాంక్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉండే నూనె పొర మందం మామూలుగానే మైక్రాన్లలో ఉంటుంది. అది ఇంకా పల్చబడితే లోహం లోహానికి తగులుతుంది. మెకానిక్ షెడ్లలో ఇంజన్ పట్టేసిందనే మాట ఇలాంటి చోటే పుడుతుంది. రెండో నష్టం నిదానంగా వస్తుంది. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. నల్లగా, జిగురుగా మారి సన్నటి దారుల్లో పేరుకునేది ఆ చెడిన నూనే.

ఇక్కడొక పాత కారును తలుచుకోవాలి. జర్మనీ వాళ్ల పోర్షే 911ను 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించారు. దానికి అసలు నీళ్ల రేడియేటరే లేదు. వెనకున్న ఇంజన్‌ను ఒక పెద్ద ఫ్యాను గాలి, లోపల తిరిగే నూనె, ఈ రెండే చల్లబరచాలి. కొన్నేళ్లకే, పవర్ పెరిగిన రకాలకు ఇంజన్ దగ్గరున్న కూలర్ చాలక, ముందు చక్రం పైన రెక్కలో ఇంకొకటి పెట్టి, కారు వెనక నుంచి ముందుదాకా నూనె గొట్టాలు లాగారు. 1998 దాకా ఆ గాలి ఇంజన్లు నడిచాయి. ఇంజన్ వెనక, కూలర్ ముందు, మధ్యలో అంత పొడవు గొట్టం. అయినా పోర్షే వాళ్లు ఆ తిప్పలు పడ్డారంటే, తాజా గాలి తగిలే చోటు దూరమైనా సరే అక్కడే పెట్టాలన్న పట్టుదల. కూలర్ అమర్చే ప్రతివాళ్లూ ఇది గమనించాలి.

ఇప్పుడు ఎంపిక దగ్గరికి వద్దాం. కూలర్ కొనేముందు కొనాల్సింది మీటరు. మీ కారులో నూనె వేడి చూపించే మీటరు లేకపోతే ఒకటి పెట్టించండి. రోజూ ఆఫీసుకి వెళ్లి వచ్చే దారిలో ఎంత చూపిస్తోంది, హైవే మీద ఎంత, ట్రాక్ మీద పదిహేను నిమిషాల తర్వాత ఎంత, రాసి పెట్టుకోండి. 90 నుంచి 110 మధ్య ఉంటే ఇంజన్ హాయిగా ఉన్నట్టు. 120 దాకా మంచి సింథటిక్ నూనెకు ఇబ్బంది లేదు. 130 దాటి అక్కడే నిలబడిపోతుంటే అప్పుడు కూలర్ మాట ఆలోచించాలి. రోడ్డు మీద మాత్రమే నడిచే కారుకు చాలావరకు దీని అవసరమే రాదు. గ్రిల్లు సందుల్లోంచి కూలర్ మెరుస్తూ కనబడాలని కొనేవాళ్లూ ఉన్నారు. అది నగ అనుకుని కొనుక్కుంటే పేచీ లేదు గానీ, ఇంజన్‌కి మేలు చేశామనుకుంటే మాత్రం పొరపాటు.

ఎందుకంటే నూనె మరీ చల్లగా ఉండటమూ చెరుపే. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత, కాలని పెట్రోలు కొంత, పిస్టన్ రింగుల పక్క నుంచి ఛాంబర్‌లోకి దిగుతాయి. నూనె తగినంత వేడెక్కి కాసేపు అలాగే ఉంటేనే ఆ తేమ ఎగిరిపోతుంది. నూనె ఎప్పుడూ 60, 70 దగ్గరే తిరుగుతుంటే ఎగరదు. నూనె పోసే మూత విప్పి చూస్తే లోపల పాల మీగడ రంగులో జిడ్డు కనిపిస్తుంది. చలికాలంలో, అర కిలోమీటరు, కిలోమీటరు తిరిగి ఆపేసే బండ్లలో ఇది మామూలుగా చూసేదే. దానికి తోడు కూలర్ కూడా పెడితే చెప్పక్కర్లేదు.

దీనికి మందు థర్మోస్టాట్. ఆయిల్ ఫిల్టర్ విప్పి, ఇంజన్‌కీ ఫిల్టర్‌కీ మధ్య ఒక అల్యూమినియం బిళ్ల పెడతారు. దాన్ని శాండ్‌విచ్ ప్లేట్ అంటారు. కూలర్‌కి వెళ్లే గొట్టం, వచ్చే గొట్టం దాని పక్కలకు తగులుకుంటాయి. మంచి ప్లేటులో మైనం నింపిన చిన్న థర్మోస్టాట్ ఉంటుంది. సుమారు 80 డిగ్రీల దాకా నూనెను కూలర్‌కి పోనివ్వకుండా ఇంజన్‌లోనే తిప్పుతుంది, ఆ పైన దారి తెరుస్తుంది. మూసి ఉన్నప్పుడు కూడా కాస్త నూనెను కూలర్‌లోకి వదులుతూనే ఉంటుంది. గొట్టాల్లో గాలి నిలవకుండా, తెరుచుకోగానే చన్నీళ్లంత చల్లటి నూనె ఒక్కసారిగా బేరింగుల మీద పడకుండా అది పనికొస్తుంది. థర్మోస్టాట్ లేని ప్లేటు చవకగా దొరుకుతుంది. పూర్తిగా రేసులకే కేటాయించిన బండికి తప్ప దాన్ని నేను ఒప్పుకోను.

కూలర్లలో రకాలున్నాయి. ఒకే గొట్టాన్ని మెలికలు తిప్పి రేకులు అతికించిన పాతరకం చవక, పని తక్కువ. పల్చటి పళ్లాలను ఒకదాని మీద ఒకటి పేర్చి మధ్యలో రేకులు పెట్టినది ఇలాంటి కార్లకు ఎక్కువమంది వాడేది. స్వీడన్ వాళ్ల సెట్రాబ్, ఇంగ్లండ్ వాళ్ల మోకాల్ ఇందులో పేరున్నవి. వీటిని వరసల లెక్కన అమ్ముతారు. 19 వరసలు, 25, 34 అని. నూనె అన్ని వరసల్లోకీ ఒకేసారి చీలి ప్రవహిస్తుంది కాబట్టి వరసలు పెరిగితే చల్లదనమూ పెరుగుతుంది, నూనెకు అడ్డంకీ తగ్గుతుంది. 370జెడ్‌లాంటి కారు అప్పుడప్పుడు ట్రాక్‌కి వెళ్తుంటే 25 వరసలది చాలు. వేడి ఊళ్లో నెలనెలా రోజంతా ట్రాక్ మీదే ఉండేవాళ్లకు 34. అయితే పెద్దది కొన్నంత మాత్రాన సరిపోదు. దాని గుండా గాలి దూరాలి. దూరిన గాలికి బయటికి పోయే దారి ఉండాలి. వెనక దారి మూసుకుపోయి ఉంటే గాలి కూలర్‌ను తప్పించుకుని పక్క సందుల్లోంచి పోతుంది. గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది. అందుకే బంపర్ నోటి నుంచి కూలర్ అంచులదాకా రేకుతో గానీ ప్లాస్టిక్‌తో గానీ దారి కట్టి, సందులు ఫోమ్‌తో మూయాలి. దారి కట్టిన చిన్న కూలర్ ముందు, ఊరికే వేలాడదీసిన పెద్దది ఓడిపోతుంది.

చోటు గురించి ఒక చిక్కుంది. చాలామంది దీన్ని రేడియేటర్‌కీ, ఏసీ కండెన్సర్‌కీ ముందు పెడతారు. గాలి బాగా తగిలే చోటు అదే. కానీ నూనె దగ్గర వేడెక్కిన గాలే వెనక ఉన్న వాటికి వెళ్తుంది. ట్రాఫిక్‌లో ఏసీ కాస్త డల్ అవుతుంది. అందుకని రేడియేటర్ మొత్తాన్ని కప్పేయకుండా, కింది భాగానికో ఒక పక్కకో జరిపి పెట్టడం మేలు. చట్రానికి నేరుగా బోల్టు వేసి బిగించకూడదు, మధ్యలో రబ్బరు దిమ్మలు ఉండాలి. లేకపోతే అదురుకి అతుకులు పగులుతాయి. గొట్టాల మూతులు పైకి ఉండేలా పెడితే లోపలి గాలి సులువుగా బయటపడుతుంది.

గొట్టాల దగ్గర పొదుపు పనికిరాదు. ఈ పనికి వాడే ఫిట్టింగులకు ఏఎన్ నంబర్లుంటాయి. అంగుళంలో పదహారో వంతుల లెక్క అది. ఏఎన్ 10 అంటే పదహారింట పది, అంటే అయిదు ఎనిమిదో వంతుల అంగుళం. 370జెడ్ ఇంజన్‌కి అదే సరి. పైన స్టీలు జాలీ అల్లిన గొట్టం గట్టిది, కానీ ఆ జాలీ రంపంలా పనిచేస్తుంది. దేనికి ఒరుసుకుంటే దాన్ని కోసేస్తుంది, పక్కనున్న వైరైనా, ఏసీ పైపైనా. తగిలే ప్రతిచోటా రబ్బరు తొడుగు వేయాలి. సైలెన్సర్ పైపులకు దూరంగా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినా టైరు తగలని దారిలో తీసుకెళ్లాలి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ గొట్టాల్లో పంపు ఒత్తిడి మీద నూనె పరుగెడుతుంది. ఒకటి చీలితే ఇంజన్‌లో ఉన్న అయిదు లీటర్లూ బయటికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. సైలెన్సర్ మీద పడితే మంట, టైరు కింద పడితే జారుడు, మీటరు చూసుకునేలోపు ఇంజన్ గోవిందా.

బిగించే రోజున పని తొందర పెట్టకండి. నూనె తీసి, ఫిల్టర్ కూర్చునే చోటు శుభ్రంగా తుడవాలి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు అక్కడే అతుక్కుపోయి ఉంటుంది కొన్నిసార్లు, వేలితో తడిమి చూడాలి. కొత్త రింగుకి నూనె రాసి ప్లేటు పెట్టి, తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించాలి. అల్యూమినియం మరలు మెత్తనివి, బలం చూపిస్తే చిరిగిపోతాయి. కూలర్ దగ్గర ఫిట్టింగ్ బిగించేటప్పుడు రెండు పానాలు వాడాలి, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. ఫిల్టర్ ఇప్పుడు అంగుళం దాకా కిందికి దిగుతుంది, స్పీడ్‌బ్రేకర్ల మీద ఆ సంగతి గుర్తుండాలి. కూలర్‌లో ముందే కాస్త నూనె పోసి, పెట్రోల్ పంపు ఫ్యూజు తీసేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఒకేసారి గుక్క తిప్పుకోకుండా కాదు, ఆపి ఆపి. తర్వాత ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేసి, ప్రతి అతుకూ టార్చి వేసి చూడాలి. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కాక ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూస్తే అర లీటరు నుంచి లీటరు దాకా తగ్గి ఉంటుంది. అంత పోయాలి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఓసారి కింద పడుకుని చూడండి.

చివరగా, సెకండ్‌హ్యాండ్ కూలర్ సంగతి. ఎక్కడో ఇంజన్ పోయిన బండిలోంచి తీసిన కూలర్ చవకగా వస్తోందంటే తీసుకోకండి. బేరింగులు అరిగి ఇంజన్ పోయినప్పుడు ఆ లోహపు పొడి కూలర్ వరసల మడతల్లో చిక్కుకుంటుంది. పెట్రోలుతో కడిగినా, గాలి కొట్టినా పూర్తిగా వదలదు. కూలర్ నుంచి తిరిగొచ్చే నూనె చాలా ప్లేట్లలో మళ్లీ ఫిల్టర్ గుండా పోతుంది గానీ, అన్నింట్లో పోదు. మీ సొంత ఇంజనే అలా పోయి బాగుచేయించుకున్నా సరే, పాత కూలర్ పారేసి కొత్తది పెట్టించండి. మెకానిక్ అది బాగానే ఉందని చెప్పినా వినకండి.