కాళ్లు తిమ్మిరెక్కితే అలసట అనుకోవద్దు

గల్ఫ్ క్యాంపుల్లో మోషన్స్ పట్టుకుంటే రెండు గోలీలు మింగి డ్యూటీకి పోవడం మనకు అలవాటే. నిరుడు మా రూములో ఒక తమ్ముడు అట్లే పోయాడు. మోషన్స్ తగ్గాయి. పది రోజులకు అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది, మర్నాడు బస్సు మెట్టెక్కలేకపోయాడు. సూపర్‌వైజర్ నాటకమన్నాడు. నిజం చెప్పాలంటే మేమూ ఎండదెబ్బే అనుకున్నాం.

అది గులియన్ బారీ సిండ్రోమ్. 2025 జనవరిలో పుణెలో చాలామందికి వచ్చి పేపర్లకెక్కిన జీబీఎస్ ఇదే. సరిగా ఉడకని కోడికూర, మురికి నీళ్ల ద్వారా వచ్చే కాంపిలోబ్యాక్టర్ అనే క్రిమి దీనికి ఒక ముఖ్య కారణం. ఆ క్రిమి పైపొరకూ మన నరాల పొరకూ కొంత పోలిక ఉంటుంది. క్రిమి కోసం తయారైన యాంటీబాడీలు పొరబడి నరాల మీద పడతాయి. నీరసం కాళ్ల నుంచి చేతులకు, కొందరిలో ఊపిరి తీసే కండరాలకూ పాకుతుంది.

స్టెరాయిడ్ సూది వేయమని అడిగేవాళ్లున్నారు. స్టెరాయిడ్లతో లాభం లేదని క్లినికల్ ట్రయల్స్‌లో తేలింది. ప్లాస్మా మార్పిడి పనిచేస్తుందని 1985లో, ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అంతే మేలు చేస్తుందని 1992లో పెద్ద ట్రయల్స్ చూపించాయి. రెండు వారాల లోపే మొదలుపెడితే గుణం ఎక్కువ. సెలవు దొరికాక ఊళ్లో చూపించుకుందామని ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి. తగ్గిపోయిన మోషన్స్ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. మనం చెప్పకపోతే ఆయనకెట్లా తెలుస్తుంది? భాష రాకపోతే మమ్మల్ని పిలవండి, రాత్రయినా వస్తాం.

తమ్ముడు నాలుగు నెలలకు కర్ర లేకుండా నడిచాడు. ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. తెలియక అతని పక్కనుంచి మా మంచాలు దూరం జరుపుకున్నాం, ఆ సంగతి సిగ్గుపడుతూనే చెబుతున్నాం.