కీళడి బొగ్గు, థైరాయిడు మందు
(తిరుమంగళంలో జరిగిన ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఐసోటోపులంటే పరీక్షకు బట్టీపట్టే రెండు మార్కుల ప్రశ్న అని పిల్లలు అనుకొంటారు. చాలా ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాడిని, ఆ సంగతి నాకు తెలుసు. ఒకే మూలకపు పరమాణువులలో ప్రోటాన్లు సమానం. న్యూట్రాన్ల లెక్క మారితే బరువు మారుతుంది. ఒకే ఇంటిపేరుగల అన్నదమ్ములనుకోండి. వారిలో కొందరు నిలకడ లేనివారు, కిరణాలు విడుస్తూ తరిగిపోతారు. సగం తరగడానికి పట్టే కాలమే అర్ధాయువు. కాల్చినా, కరిగించినా అది మారదు.

మన మదురైకి ఆనుకొని ఉన్న కీళడినే చూడండి. 2018 తవ్వకాలలో దొరికిన ఆరు బొగ్గు నమూనాలను అమెరికాలోని మయామీకి పంపినారు. చెట్టు బ్రతికి ఉన్నంతవరకే గాలినుండి కార్బన్-14 తీసుకొంటుంది. దాని అర్ధాయువు 5,730 ఏళ్ళు. మిగిలిన పాలు కొలిచి వయసు కట్టినారు. 353 సెంటీమీటర్ల లోతున దొరికిన బొగ్గు క్రీ.పూ. 580 నాటిదని తేలింది. అంటే మొదట ఉన్న కార్బన్-14లో నూటికి సుమారు 73 పాళ్ళు ఇంకా మిగిలే ఉన్నది! 2019లో తమిళనాడు పురావస్తు శాఖ ఈ ఫలితం ప్రకటించింది.

ఇప్పుడు అసలు సంగతి. మా బంధువులలో ఒకామెకు థైరాయిడు క్యాన్సరు ఆపరేషను అయిన తరువాత అయోడిన్-131 తీసుకోమన్నారు. "అణుమందు" అన్న మాటకే జడిసి ఇంటివారు నాలుగు నెలలు ఆపినారు. థైరాయిడు కణాలు అయోడిన్‌ను లాక్కొంటాయి, అందుకే మందు ఆ కణాల దగ్గరికే చేరుతుంది. అర్ధాయువు 8 రోజులు. ఎనభై రోజులకు వెయ్యింట ఒక పాలు కూడా మిగలదు; చాలా భాగం మొదటి రోజులలోనే మూత్రంలో పోతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులు పసిబిడ్డలకు, గర్భిణులకు ఎడంగా ఉండాలి, అంతే. చివరకు ఆమె తీసుకొన్నది, బాగున్నది. ఆ నాలుగు నెలలు మాత్రం ఊరికే పోయినవి.

ఎముకల స్కానుకు వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలే. పొద్దున ఎక్కిస్తే మరునాటికి నామమాత్రం.

ప్లస్ టూలో సైన్సు తీసుకొన్నవారికి న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీలో బీఎస్సీ ఉన్నది. దరఖాస్తు విషయం అడగదలచినవారు సభ కాగానే నా దగ్గరికి రండి, తల్లిదండ్రులతో కలిసి.