చెట్టెక్కే చీమ చెప్పే మాట



యీ రోజు చీమల గురించి నాలుగు మాటలు చెబుతాను. "చీమల సంగతి మాకు ఆఫీసరు చెప్పాలా?" అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. పొద్దున్నే వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేసింది మొదలు, రాత్రి బెల్లం డబ్బాకు మూత బిగించేవరకు చీమతో మనకు పని పడుతూనే వుంటుంది. అయితే రోజూ చూడటం వేరు, తెలుసుకోవటం వేరు. చీమ సంగతి సరిగా తెలియక, పురుగుమందులకు పెట్టే డబ్బులో కొంత మన చేతులారా మట్టిలో పోస్తున్నాము. అందుకే యీ ప్రసంగం.

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దుకుందాం. చీమ వేరు, చెదపురుగు వేరు. చీమలు పుట్ట పెడితే పాము వచ్చి చేరుతుందని లోకంలో ఒక మాట వుంది. నిజానికి నాగులచవితినాడు మనం పాలు పోసే ఆ పొడుగాటి మట్టిపుట్టలు కట్టేది చెదపురుగులు. చీమ కందిరీగకూ, తేనెటీగకూ దగ్గర చుట్టం. చెదపురుగు బొద్దింకకు చుట్టం. చీమకు నడుము సన్నగా పట్టేసినట్టు వుంటుంది, మీసాలు మోచేయి వంచినట్టు వంగి వుంటాయి. చెదపురుగుకు నడుము లేదు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా వుంటాయి. వానలకు దీపం చుట్టూ మూగే రెక్కల పురుగులను పట్టి చూడండి. నాలుగు రెక్కలూ ఒకే పొడుగున వుంటే చెదపురుగు. ముందు రెక్కలు పెద్దవిగా, వెనుక రెక్కలు చిన్నవిగా వుంటే చీమ. యీ రెండింటికీ తరతరాల పగ. చెదపురుగులను పట్టి తినే శత్రువులలో చీమదే పెద్దపీట. కనుక పొలంలో చీమలన్నిటినీ చంపినవాడు చెదలకు కాపలా తీసివేసినట్టే.

యిక చీమల కాపురం సంగతి. ప్రపంచంలో యిప్పటికి 14 వేలకు పైగా చీమజాతులను గుర్తించారు. మన దేశంలోనే 800 పైచిలుకు వున్నాయి. అన్నిటిలోనూ ఏర్పాటు యించుమించు ఒకటే. గూటిలో గుడ్లు పెట్టేది రాణి. మనకు కనిపించే పనిచీమలన్నీ ఆడవే. మగచీమలకు పని లేదు. వానలు పడ్డాక ఒకనాడు రెక్కలున్న రాణులూ, మగవీ గూడు వదిలి గాలిలోకి లేస్తాయి. జతకట్టిన తరువాత మగవి చనిపోతాయి. రాణి నేలమీద వాలి, తన రెక్కలను తానే విరిచివేసుకుని, మట్టిలో దూరి కొత్త కాపురం పెడుతుంది. చాలా జాతులలో మొదటి సంతానం పెరిగేవరకు అది బయటికి రాదు. రెక్కలాడించిన కండలే కరిగి దానికి ఆహారమవుతాయి. ఆ ఒక్క నాటి కలయికతోనే అది బ్రతికినన్నాళ్ళూ గుడ్లు పెడుతుంది. కొన్ని జాతుల రాణులు పాతికేళ్ళు దాటి బ్రతికిన సందర్భాలున్నాయి.

గుడ్డు, పురుగు, కోశం, పెద్దచీమ, యిలా నాలుగు దశలు. గూడు కదిలించినప్పుడు చీమలు తెల్లటి వాటిని నోట కరచుకుని పరుగెత్తుతాయి. వాటిని మనం చీమగుడ్లు అంటాము. అసలు గుడ్డు చాలా చిన్నది. ఆ కనబడేవి చాలావరకు పిల్లపురుగులూ, కోశాలూను. పనిచీమల్లో వయసును బట్టి పని మారుతుంది. పడుచు చీమలు లోపల పిల్లలను సాకుతాయి. వయసు మళ్ళినవి మేతకు బయటికి వస్తాయి. మన కంటబడేది గూటిలో కొంత భాగమే, అదీ ముసలి భాగం. దీన్ని గుర్తుంచుకోండి, దీనితో తరువాత పని వుంది.

చీమ మేత దొరికి తిరిగి వచ్చేటప్పుడు పొట్ట నేలకు ఆనిస్తూ ఒక వాసన పదార్థం రాసుకుంటూ వస్తుంది. వెనుకవచ్చే చీమ మీసాలతో ఆ వాసన పట్టి నడుస్తుంది, తానూ కాస్త రాస్తుంది. అలా బారు ఏర్పడుతుంది. మేత అయిపోతే రాయటం మానేస్తాయి, దారి చెరిగిపోతుంది. బారుకు అడ్డంగా వేలితో నేలను రుద్ది చూడండి. చీమలు ఆ గీత దగ్గర ఆగి తికమకపడతాయి.

చీమకు పొట్టలో రెండు సంచులు. ఒకటి తన సొంతానికి, రెండవది పదిమందికి. పెద్దచీమ గట్టి పదార్థం మింగలేదు, ద్రవమే తాగగలదు. తాగినది రెండవ సంచిలో నింపుకుని గూటికి వచ్చి, తోటి చీమల నోటికి అందిస్తుంది. ఒక చీమ తాగిన తీపి యిలా చేతులు మారి రాణిదాకా చేరుతుంది. ద్రవమే తాగాలి, అదీ తీపిగా వుండాలి, రోజూ దొరకాలి. పల్లెటూళ్ళో అలాంటిది యెక్కడ దొరుకుతుంది? చెట్టుమీద దొరుకుతుంది. యిక్కడే రైతు కథ మొదలవుతుంది.

పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు, యివన్నీ మొక్క రసం పీల్చేవి. వాటి పుట్టుకకు కావలసినంత మాంసకృత్తు ఆ పలుచని రసంలో లేదు కనుక అతిగా తాగి, మిగిలిన తీపినీటిని వెనుకనుంచి వదిలేస్తాయి. అదే తేనెబంక. మనం గేదెను సాకినట్టే చీమ యీ పురుగులను సాకుతుంది. మీసాలతో వీపు నిమిరితే పేనుబంక తీపిచుక్క వదులుతుంది. దానికి బదులుగా చీమ కాపలా కాస్తుంది. పేనుబంకను తినడానికి వచ్చే అక్షింతల పురుగునూ, అల్లిక రెక్కల పురుగు పిల్లలనూ కరిచి తరుముతుంది. పిండినల్లిలో గుడ్డుపెట్టే చిన్న కందిరీగను దగ్గరకు రానివ్వదు. కొన్ని చీమలు పిండినల్లి పిల్లలను నోట కరచుకుని కొత్త చిగుళ్ళకు చేరుస్తాయి కూడా.

ఆ మధ్య ఒక నిమ్మతోటకు వెళ్ళాను. పెద్దాయన ఎదురు వచ్చి, "అయ్యా, చెట్టునిండా చీమలు. ఆకులు నల్లబడి మసి పూసినట్టయినాయి. చీమలమందు రెండుసార్లు చల్లించినాను. నాలుగు రోజులు తగ్గినాయి, మళ్ళా వచ్చినాయి. యీ చీమలే నా చెట్టును తినేస్తున్నాయి" అన్నారు. "ఒక ఆకు తిప్పి చూడండి, పెద్దాయనా" అన్నాను. ఆయన తిప్పారు. అడుగున పిండినల్లి గుంపులు. "యివి యెప్పటినుంచి వున్నాయో!" అన్నారు ఆయన భార్య. ఆకు మీద మసి చీమ పూసింది కాదు. పురుగులు వదిలిన తేనెబంకమీద పెరిగిన బూజు. దానివల్ల ఆకుకు యెండ తగలక, ఆహారం తయారుచేసే శక్తి తగ్గిపోతుంది. రెండుసార్లు మందు, కూలి, మోత, అంతా చీమమీద ఖర్చయింది. చెట్టు రసం తాగేవాడు హాయిగా ఆకు కింద కూర్చున్నాడు.

రాజుగారి ఏడు చేపల కథ మన యిళ్ళల్లో తెలియని పిల్లలు లేరు. చేప యెందుకు ఎండలేదంటే గడ్డిమోపు, ఆవు అంటూ ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే విచారణ చివరకు చీమ దగ్గర ఆగుతుంది. పొలంలో మాత్రం అక్కడ ఆగకూడదు. చీమా చీమా, నువ్వెందుకు చెట్టెక్కావు అని ఇంకొక్క ప్రశ్న అడగాలి. జవాబు ఆకు అడుగున వుంటుంది.

అయితే చేయవలసిన పని ఏమిటి? మొదటిది, దారి కోసేయటం. నేలకు వాలిన కొమ్మలను కత్తిరించండి. చెట్టును తాకే కలుపు తీసివేయండి. మొదలు చుట్టూ జానెడు వెడల్పున పాలితీను పట్టీ బిగించి కట్టండి. బెరడు గరుకుగా వుండి సందులుంటే ముందు బంకమట్టితో పూడ్చండి, లేకపోతే చీమ పట్టీ కిందుగా దూరిపోతుంది. ఆ పట్టీమీద గ్రీజు పూయండి. బెరడుకు నేరుగా పూయకండి, బెరడు దెబ్బతింటుంది. కొమ్మలకు పోటు కర్రలు పెట్టివుంటే వాటికీ పూయాలి. చీమకు ఆ ఒక్క నిచ్చెన చాలు. దుమ్ముపడి గ్రీజు ఎండితే మళ్ళీ పూయండి.

రెండవది, పురుగు బాగా పట్టిన కొమ్మలను కోసి, తోటలో పడవేయక కాల్చివేయండి. మూడవది, వేపగింజల కషాయం. 5 కిలోల వేపగింజల పొడిని మూటకట్టి నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, 100 లీటర్లు చేసి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, సాయంత్రం చల్లపూట ఆకు అడుగు తడిసేటట్టు కొట్టండి. చీమ కాపలా తప్పిందంటే మిగతా పని అక్షింతల పురుగులూ, చిన్న కందిరీగలూ చూసుకుంటాయి. వాటి శక్తిని తక్కువగా అంచనా వేయకండి. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి కనబడి బొప్పాయి, మల్బరీ తోటలను ముంచెత్తింది. మందులు కొట్టినా లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి ఆవగింజకన్నా చిన్న కందిరీగను తెప్పించి వదిలితే దాని ఉధృతి అణిగింది.

యిక్కడ ఒక హెచ్చరిక. చీమ కనబడినచోటల్లా రసం పీల్చే పురుగు వుందని అనుకోకండి. పత్తి ఆకు అడుగున నడిమి యీనెమీద తేనె వూరే చిన్న గుంట వుంటుంది. ఆముదపు ఆకు కాడమీద కూడా అలాంటి బుడిపెలు వుంటాయి. ఆ తేనెకోసం వచ్చిన చీమ దారిలో దొరికిన గుడ్లనూ, చిన్న గొంగళిపురుగులనూ ఎత్తుకుపోతుంది. అది మనకు లాభమే. ఆముదపు గింజ కొసన తెల్లని ముద్ద ఒకటి వుంటుంది, చూసే వుంటారు. చీమ గింజను మోసుకుపోయి, ఆ ముద్ద తిని, గింజను పారవేస్తుంది. విత్తనివాడు లేకుండా గట్టుమీద ఆముదపు మొక్క మొలవడానికి అదొక కారణం. నువ్వులవంటి చిన్న విత్తనాలు చల్లినప్పుడు మాత్రం చీమ ఎత్తుకుపోయేది నష్టమే. గింజను పైన వదలక పలుచగా మట్టి కప్పండి. మొలక వచ్చేవరకు గట్టు వెంట కాసిని నూకలు చల్లితే చీమ అటు మళ్ళుతుంది.

మామిడిమీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమ సంగతీ చెప్పాలి. అది తన పిల్లపురుగును నోట పట్టుకుని, దాని నోటినుంచి వచ్చే పట్టుదారంతో ఆకులు కుడుతుంది. కరిచి, ఆ గాయంమీద మంటపుట్టే ఆమ్లం చిమ్ముతుంది. కాయ కోసేవారికి దాని బాధ తెలుసు. కాని దక్షిణ చైనా రైతులు యీ చీమగూళ్ళను అంగడిలో కొని కమలాచెట్లకు కట్టేవారని సా.శ. 304 నాటిదిగా చెప్పే గ్రంథంలో వుంది. చెట్టునుంచి చెట్టుకు వెదురుబద్దల వంతెనలు కట్టటం కూడా అక్కడి రైతుల అలవాటు. పురుగుమీదికి పురుగును పంపటంలో మనిషికి తెలిసిన తొలి పాఠం అది. ఉత్తర ఆస్ట్రేలియా జీడిమామిడి తోటలలో లేతచిగురును మాడ్చే టీ దోమను యీ చీమ అదుపు చేస్తుందని పరిశోధనలో తేలింది. అయితే యిదీ పొలుసు పురుగులను సాకుతుంది. కాబట్టి గూడు కనబడగానే తగులబెట్టక, చుట్టుపక్కల ఆకులు చూసి మంచిచెడ్డలు తూచుకోండి.

నేలకూ చీమ మేలు చేస్తుంది. అది తవ్విన సన్నని దారులగుండా వాననీరు లోపలికి ఇంకుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియా మెట్టపొలాల్లో చీమలూ చెదలూ వున్న చోట గోధుమ దిగుబడి 36 శాతం హెచ్చిందని 2011లో ప్రకటించారు. వానకోసం ఆకాశం చూసే మన మెట్టరైతులు ఆలోచించవలసిన సంగతి.

ఆఖరున యింటి చీమలు. వెనుక బి.హెచ్.సి. పొడి గుమ్మాల వెంట, గాదెల కింద చల్లే అలవాటు వుండేది. దానిని మన దేశంలో 1997లో నిషేధించారు. పొలంలో మిగిలిన యే మందునూ యింట్లో, ధాన్యం దగ్గర, పసిపిల్లలు పాకే చోట చల్లకండి. పైగా అది పైకి వచ్చిన ముసలి చీమలనే చంపుతుంది. రాణి లోపల క్షేమంగా వుంటుంది. లీటరు గోరువెచ్చని నీటిలో 100 గ్రాముల చక్కెర, 10 గ్రాముల బోరిక్ పొడి కరిగించి, దూదిలో తడిపి చీమల బారు పక్కన పెట్టండి. పిల్లలకూ, పశువులకూ, కోళ్ళకూ అందని చోటనే సుమా! ఆ నీరు తాగుతున్న చీమలను చంపకండి, తాగి పోనివ్వండి. నెమ్మదిగా పనిచేసే యీ విషాన్ని చీమ తన రెండవ సంచిలో మోసుకుపోయి రాణికి తానే తాగిస్తుంది. కొన్ని రోజులు ఓపిక పట్టాలి.

విస్తరణలో పనిచేసే సోదరులకు ఒక మనవి. రైతు చీమలమందు అడిగినప్పుడు వెంటనే మందు పేరు చెప్పకండి. ఆయనతో కలిసి చెట్టుదాకా నడిచి, ఒక ఆకు ఆయన చేతనే తిప్పించండి.

రైతు సోదరులారా, రేపు తోటకు వెళ్ళినప్పుడు చీమలబారు యే చెట్టెక్కుతున్నదో చూడండి. జీతం బత్తెం లేకుండా, చీడ మొదలైన చెట్టు యిదీ అని మీకు ముందుగా చూపించే వేగులవాడు అది. వేగులవాణ్ణి చంపకండి. వాడు చూపిన చెట్టు దగ్గరకు వెళ్ళి ఆకు తిప్పండి.