క్రొత్తగా పొదిగిన కోడిపిల్లల కాళ్ల జబ్బులు



మనము కూడిన ఈ బాగ్ లింగంపల్లి పేరులోని ‘బాగ్’ అనగా తోట. నేడిది ఇండ్లతో నిండిన పేట. నేను చెప్పబోవునది మాత్రము మీ పెరటి గంపక్రింది సంగతి.

పెట్ట పిల్లలను దించినప్పుడు ఒకటి రెండు పిల్లలు కాళ్లు ఇరుప్రక్కలకు చాచి నేలకంటుకొని యుండును. ‘అవిటిది, బ్రదుకదు’ అని తీసి పాఱవేయుట మనవారి యలవాటు. ఇది తొందరపాటు. మొదటి రెండు దినములలో శ్రద్ధ వహించినచో వీనిలో పెక్కులు నడువగలవు. అసీలు పిల్లయైనచో కలుగు నష్టము మీకు తెలియనిది కాదు.

ఈ వైకల్యమునకు ముఖ్యకారణము జాఱెడు నేల. వార్తాపత్రికల కాగితము, నున్నని రేకు పఱచినచో పిల్లకు పట్టు దొరకదు. గోనెపట్టా పఱచుడు. పొదుగు యంత్రములో 21 దినములును వేడిమి సమముగా నుండకపోయినను ఇట్టి పిల్లలు పుట్టును.

చికిత్స సులభము. వ్రేలెడు వెడల్పుగల మెత్తని గుడ్డపీలికతో రెండు కాళ్లను, నడుమ అంగుళము ఎడముండునట్లు, సంకెలవలె కట్టవలెను. కాళ్లు శరీరము క్రిందికి రావలెను గాని ఒకదాని కొకటి తగులరాదు. దారము ఎన్నడును వాడకుడు. నేనొకప్పుడు దారముతో బిగించితిని. మఱునాటికి పాదము వాచి నల్లబడి ఆ పిల్ల చచ్చినది. కట్టును దినమునకొకసారి విప్పి చూచి మఱల కట్టవలెను. మూడు నాలుగు దినములు చాలును. అంతవఱకు తక్కిన పిల్లలు పొడువకుండ వేఱుగ నుంచి, మేతయు నీరును ముక్కుకందునట్లు పెట్టుడు. నీటిపళ్లెములో గులకరాళ్లు వేసినచో మునిగి చావదు.

పుట్టుకతో వ్రేళ్లు ముడుచుకొనియున్న పిల్లకు అట్టముక్కను పాదమంత కత్తిరించి, వ్రేళ్లు చాపి, అంటుపట్టీతో చెప్పువలె అంటింపవలెను. ఒకటి రెండు దినములలో సరిపడును. అట్లుగాక రెండవ వారమున వ్రేళ్లు లోనికి ముడుచుకొని పిల్ల మడమలపై ప్రాకినచో అది బి2 విటమిను లోపము, కట్టుతో పోదు. ఆ విటమిను మందును నీటిలో కలిపి వెంటనే ఇయ్యవలెను. ఆలసించినచో నరములు చెడి తిరిగిరావు. గ్రుడ్లు పెట్టు పెట్టలకు ఆకుకూరలు, పాల పదార్థములు పెట్టుచుండినచో ఈ లోపము గ్రుడ్డులోనే తగ్గును.

మడమ వాచి, నరము ప్రక్కకు జాఱి, కాలు మెలిపడుట వేఱొక జబ్బు. మేతలో మాంగనీసు తక్కువైనచో ఇది కలుగునని 1936లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి. మొక్కజొన్నలో మాంగనీసు స్వల్పము, వరితవుడులో మెండు. జాఱిన నరము మేతతో మఱల స్వస్థానమునకు రాదు. తక్కిన పిల్లలను మాత్రము కాపాడవచ్చును.

కొన్ని వారముల వయసుపిల్ల ఒక కాలు ముందునకు, ఒక కాలు వెనుకకు చాచి పడినచో దానికి కట్టు కట్టుచు కాలము వ్యర్థపుచ్చకుడు. 1907లో హంగేరీ పండితుడు మారెక్ వర్ణించిన అంటువ్యాధి కావచ్చును. దీనికి మందు లేదు. పుట్టిననాడు వేయు టీకాయే రక్ష. అట్టిదానిని వెంటనే వేఱుచేసి పశువైద్యునకు చూపుడు.

పిల్లలను కొనువారు సొమ్ము చెల్లింపకమునుపే ఒక్కొక్కదానిని గోనెపై నిలిపి నడిపించి చూడవలెను. టీకా వేసిరా యని యడుగవలెను.