డిస్కు నాగలి, డిస్కు గుంటక
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పండుగలో కావ్యప్రసంగము తగును గాని నాగళ్ల ప్రసంగ మేల యని కొందరికి శంక కలుగవచ్చును. నాగలికి గ్రంథములలో చోటు లేకపోలేదు. ఋగ్వేదమున క్షేత్రపతి సూక్తమందు నాగటిచాలు దేవతగా స్తుతింపబడినది. ఆ చాలునకు సంస్కృతమున సీత యని పేరు. జనకుడు యజ్ఞభూమిని దున్నుచుండగా దొరకిన శిశువునకు ఆ పేరే నిలిచినది. కౌటిల్యుడు వ్యవసాయాధికారిని సీతాధ్యక్షుడనెను. అమరసింహుడు హలము, లాంగలము, గోదారణము, సీరము అని నాగలికి పర్యాయపదములు కూర్చెను. ఇవన్నియు మొనతో నేలను చీల్చు నాగలికే చెల్లును. దొర్లుచు దున్ను నాగలి అతని కాలమున లేదు. అది 19వ శతాబ్ది చివర అమెరికాలో వ్యాప్తికి వచ్చినది. బలరాముని చేత హలము, శ్రీకృష్ణుని చేత చక్రము ఉండెను గదా! అన్న యాయుధమును తమ్ముని యాయుధముతో కూర్చినచో నేటి డిస్కు నాగలి యగును.

చిక్కంతయు పేరులో నున్నది. రైతు ట్రాక్టరువానిని పిలిచి “డిస్కులు వేయుము” అనును. ఆ మాటకు రెండర్థములు గలవు. ఒకటి నేలను లోతుగా తిరుగవేయు నాగలి. రెండవది గడ్డలను చిదిపి పైమన్నును సవరించు హారో, అనగా ఒక తీరు గుంటక. దూరమునుండి చూచినచో రెండును ఇనుప పళ్లెముల వరుసలే. ఒకదాని పనిని రెండవదానిచే చేయించినచో నష్టపడువాడు ట్రాక్టరువాడు గాడు. అతని బాడుగ అతనికి రానే వచ్చును.

ముందుగా నాగలి సంగతి. దీనికి సాధారణముగా రెండు మొదలు నాలుగు పళ్లెములుండును. ఒక్కొక్కదాని అడ్డకొలత 60 మొదలు 80 సెంటీమీటర్లు. ప్రతి పళ్లెమును తన బేరింగుపై తాను విడిగా తిరుగును. దానికి రెండు వాలులు గలవు. నడచు దిక్కునకు 42 మొదలు 45 డిగ్రీల ఓరతనము ఒకటి. నిటారునుండి వెనుకకు 15 మొదలు 25 డిగ్రీల ఒరుగుడు మరియొకటి. ఓరగా నుండుటచే మన్నును కోసి ప్రక్కకు నెట్టును. వెనుకకు ఒరుగుటచే ఆ మన్ను పళ్లెముపైకి ఎక్కి బోర్లపడును. అంటుకొన్న బంకను గీచివేయుటకు ఒక రేకు ఉండును. పళ్లెములన్నియు ఒకే వైపునకు మన్ను విసరుటచే నాగలి రెండవ వైపునకు తొలగిపోజూచును. దానిని పట్టి నిలుపుటకై వెనుక నొక ఇనుప చక్రము చాలులో నడచును.

కర్రునాగలికిని దీనికిని గల మూలభేదము నొకదానిని గుర్తింపవలెను. కర్రు మొన లాగినకొలది తానే నేలలోనికి చొచ్చును. పళ్లెమునకు ఆ గుణము లేదు. అది బరువుచే దిగును. అందుచేతనే దీని చట్రము అంత బరువుగా నుండును. ఒరుగుడు తగ్గించి పళ్లెమును నిటారుగా నిలిపినకొలది లోతు హెచ్చును. ఎండి బిగిసిన నేలలందును, రెక్కనాగలికి మన్ను అంటి విడువని బంకనేలలందును, రాళ్లు వేళ్లు గల నేలలందును దీనిది పైచేయి. రాయి అడ్డుపడినపుడు కర్రు విరుగును, లేదా తట్టుకొని ఆగిపోవును. పళ్లెము రాతిపై దొర్లి దాటిపోవును. నాపరాతికి పేరుపడిన మాచెర్ల, గురజాల సీమలలో ఇది చిన్న సదుపాయము గాదు. అయితే ఇది దున్నిన నేల పెద్ద పెద్ద పెడ్డలతో నుండును. చెత్తను పూర్తిగా కప్పివేయుటలో రెక్కనాగలితో ఇది సాటిరాదు.

ఇక హారో. దీని పళ్లెములు చిన్నవి. 45 మొదలు 60 సెంటీమీటర్లు. ఇవి విడివిడిగా తిరుగవు. పూసలను దారమున గ్రుచ్చినట్లు ఒకే ఇరుసునకు గ్రుచ్చబడి, వరుస వరుసంతయు కూడి తిరుగును. వెనుకకు ఒరుగుడు లేదు. వరుసకు ఓరతనము మాత్రమే కలదు. ఆ ఓరతనమును పెంచినచో లోతుగా కోయును, తగ్గించినచో పైపైన పోవును. సాధారణముగా ఇది 10 మొదలు 15 సెంటీమీటర్లకు మించి దిగదు. నాగలి 20 మొదలు 30 దాక దిగును. రెండు వరుసలు ప్రక్కప్రక్కనే యుండి మన్నును చెరియొక వైపునకు విసరునది ఒక రకము. వాని వెనుక మరి రెండు వరుసలుండి, ముందువి వెలికి విసరిన మన్నును లోనికి మరల్చునది రెండవ రకము. ఇది ఒక్క సాలులోనే రెండు సాళ్ల పనిచేయును. ఒక వరుస వెనుక నొక వరుసగా నుండి, ట్రాక్టరునకు ఒక ప్రక్కగా తొలగి నడువగలది మూడవది. తోటలలో ట్రాక్టరు చెట్టుకు దూరముగా పోవుచుండగా ఇది కొమ్మలక్రింది నేలను దున్నగలదు. ముందు వరుస పళ్లెముల అంచులకు గాట్లున్నచో పత్తి కట్టెను తరిగి మన్నులో కలుపును. గులాబిరంగు కాయతొలుచు పురుగు పత్తి మోళ్లలోను, విడిచిన కాయలలోను దాగి మరుసటి పంటకు ప్రాకునది గనుక, ఈ పని పత్తిరైతునకు ఎంతయు అవసరము.

ఈ రెంటికి నడుమ మరియొక జాతి కలదు: పళ్లెములు హారోవలె ఒకే ఇరుసుపై నుండును, మన్నును నాగలివలె ఒకే వైపునకు విసరును. 1920 తరువాత అమెరికాలో కాన్సాసు రాష్ట్రమందలి ఏంజెల్ అను గోధుమరైతు దీనిని ప్రచారమునకు తెచ్చెను. త్వరగా ఎక్కువ నేలను దున్నుటకు ఇది అక్కరకు వచ్చినది. గడ్డిబీళ్లు పొలములైనవి; మన్ను పొడియైనది. అటుపై అనావృష్టి పట్టినది. 1935 ఏప్రిల్ 14న ఆ మైదానములపై లేచిన ధూళితుఫాను పగటిని చీకటి చేసెను. ఆ నెలలోనే అమెరికా ప్రభుత్వము నేలల సంరక్షణకై చట్టము చేసెను. దోషమంతయు యంత్రముపై మోపరాదు. వానలు లేకపోవుటయు, బీళ్లను విచక్షణ లేక తెగదున్నుటయు అందు కలవు. విచిత్రమేమన, 1943లో ఎడ్వర్డ్ ఫాక్నరు అను నతడు రెక్కనాగలిని నిందించుచు ఒక పుస్తకము వ్రాసి, దానికి మారుగా డిస్కు హారోనే మెచ్చుకొనెను. చెత్తను అడుగున పూడ్చక పైమన్నులో కలుపునని అతని వాదము. ఒకే వస్తువు ఒకచోట నింద్యము, ఒకచోట స్తుత్యము!

పల్నాటికి వత్తము. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ క్రింద వరిచేలు ఏర్పడినవి. కాలువ అందని మెట్టలు మెట్టలుగానే నిలిచినవి. ఇక్కడి నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును, వానకు ఉబ్బి మూసికొనును. పైమన్ను ఆ నెఱ్ఱెలలో పడి అడుగునకు పోవుచుండుటచే రేగడి తన్ను తానే కొంత దున్నుకొనుననవచ్చును. పూర్వులు ఏటేట లోతుగా దున్నక, గుంటక తోలి, పైన పొడిమన్ను పొరను నిలిపి, క్రింది తేమను కాపాడుకొనుట తెలివితక్కువ గాదు. పాస గల ఆ గుంటక మన్నును తిరుగవేయదు, కలుపును అడుగున కోసి అచ్చటనే విడుచును. డిస్కు గుంటకకు పేరు కలిసినది గాని ఈ గుణము లేదు.

ఇందు అతిముఖ్యమైనది తుంగ, గరికల విషయము. తుంగకు నేలలో గడ్డలుండును, గరికకు కణుపులు గల తీగలుండును. పచ్చిగానున్న చేనిలో హారో నడిపినచో పళ్లెములు వానిని ముక్కలు చేయును. ఒక్కొక్క కణుపు ఒక్కొక్క మొక్క యగును. పళ్లెములకంటిన ముక్కలు చేని యీ కొననుండి ఆ కొనకు పోవును. కలుపు తీయించితినని రైతు సంతసించుచుండగా అతడు కలుపును నాటించినట్లగును. ఎండకాలమున నాగలితో తిరుగవేసి, పెడ్డలను చిదుపక ఎండనిచ్చినచో ఆ గడ్డలలో పెక్కు పైకి వచ్చి మాడిపోవును. ఇచ్చట పెడ్డయే రైతునకు మేలు. చేను మెత్తగా లేదని తొందరపడి వెనువెంటనే హారో వేయించువారు, వేసవి దుక్కికి పెట్టిన బాడుగను తామే నీళ్లపాలు చేసికొందురు.

ఇక నేల తేమ. రేగడి తడిగానున్నపుడు పళ్లెము దానిని కోయదు, నొక్కి నున్నచేయును. ఏటేట ఒకే లోతున నడిపినచో అచ్చట పలకవలె గట్టిపొర కట్టి వేళ్లను, నీటిని అడ్డగించును. మిక్కిలి ఎండినపుడు బరువు చాలక పళ్లెము పైన గీచి పోవును. కావున పంట తీసిన పిమ్మట నేల పూర్తిగా బిగియక ముందే దున్నించుట మేలు. దుక్కి లోతునుండి పిడికెడు మన్ను తీసి పిసికి విడిచినచో, ముద్దగా నిలుచునా, పొరపొరలాడి రాలునా చూడవలెను. రాలినచో అదను.

నేల లోతు మరియొక సంగతి. పల్నాట పెక్కుచోట్ల రేగడి పలుచన. క్రింద సున్నపు గరుసు, దానిక్రింద నాపరాయి. అట్టిచోట 30 సెంటీమీటర్లు దిగు నాగలిని దింపినచో తరతరముల ఎరువు తిన్న పైమన్ను అడుగున పడి, గరుసు పైకి వచ్చును. అది మరల పంటనేల యగుటకు చాల ఏండ్లు పట్టును. ట్రాక్టరు పొలమునకు రాకముందే గునపము తీసికొనిపోయి నాలుగు మూలలను, నడుమను దింపి చూచుట కొద్దిసేపటి పని. మూరెడు దాక మెత్తగా దిగినచోట మూడేండ్లకో నాలుగేండ్లకో ఒకసారి నాగలి వేయించుకొనవచ్చును. జానెడు లోపుననే కంగుమని పలికినచో, “డిస్కులు” అని ఊరకుండక, హారోనే తగిలించుకొని రమ్మని ట్రాక్టరువానికి విడమరచి చెప్పవలెను.